మూడు శృతిలో పలికిన గొంతు

2022 ఎండాకాలం. విజయనగరంలో కోట వెనక సందులో నా కొట్టు అప్పటికి ముప్పై ఏళ్లుగా ఉంది. బోర్డు మీద నాయుడు అని నా పేరు, కింద మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు రీవైండింగ్ అని రాసుంటుంది. రీవైండింగ్ అంటే కాలిపోయిన రాగి తీగ విప్పేసి, అదే గేజి కొత్త తీగని ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ చుట్టడం. లెక్క మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికి రావాలి. అందుకని నేను పనిలో ఉంటే ఎవరూ పలకరించరు. పని లేనప్పుడూ పలకరించరనుకోండి, నాకు నోటిదురుసని పేరు. ఇంటికి వెళ్తే అక్కడా అంతే. మాకు పిల్లల్లేరు, నా భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. ఒక్కోరోజు పొద్దున్న టీ కొట్టు దగ్గర "ఒకటి" అన్న మాట తప్ప, మళ్లీ పడుకునేదాకా నోట్లోంచి ఇంకో మాట రాకుండా గడిచిపోయేది.

అలాంటి ఒకరోజు మధ్యాహ్నం కొట్టు ముందు ఆటో ఆగింది. డ్రైవరు ఒక గోధుమరంగు పెట్టె మోసుకొచ్చి నా బల్ల మీద దింపి, "ఏటి గురూ ఇది, నడుం పడిపోనాది" అని వెళ్లిపోయాడు. వెనకాలే ఒక పెద్దావిడ వచ్చింది. అరవై అయిదు దాటి ఉంటాయి. నేత చీర, భుజానికి గుడ్డసంచి. నన్ను చూడలేదు, పెట్టెకి దెబ్బ తగిలిందేమోనని దాని మూలలు తడిమింది.

"నా పేరు కామేశ్వరి. ఆడపిల్లల బళ్లో సంగీతం సెప్పి రిటైరయ్యాను. ఇది పలకాలి" అంది.

మా సందుల్లో ఆవిణ్ణి అందరూ పంతులమ్మగారనే అనేవారని తర్వాత తెలిసింది. నేనూ అలాగే పిలిచాను.

మూత తీస్తే స్పూల్ టేపు మిషను. క్యాసెట్లు రాకముందు పాటలు ఇలాంటి వాటి మీద వినేవారు. రెండు పెద్ద చక్రాలు, ఒకదాని మీంచి ఇంకొకదాని మీదకి టేపు పాకుతూ ఉంటుంది. అమెరికా సరుకు. ప్లగ్గుకి రెండు చదును రేకులు.

దాని కథ ఆవిడే చెప్పింది. వాళ్లది గుళ్లో పాడే సేవ ఉన్న ఇల్లు. తండ్రి రోజూ సాయంత్రం స్వామికి పవళింపు పాట పాడేవాడు. ఈవిడకి పదిహేడేళ్లప్పుడు ఒక తెల్లావిడ ఈ పాటలు సేకరించడానికి వచ్చి రెండు నెలలు ఉంది. బ్యాటరీలతో నడిచే చిన్న మిషన్లో పాటలు పట్టుకుని వెళ్లిపోయింది. ఇన్నేళ్లకి ఆవిడ పోతే, ఆవిడ మేనకోడలు ఈ దేశం చూడ్డానికి వచ్చినప్పుడు అడ్రసు వెతుక్కుంటూ వచ్చి, ఆవిడ ఇంట్లో పెట్టుకుని వినే ఈ పెట్టె, ఒక్క స్పూలు ఇచ్చి వెళ్లింది.

స్పూలు అట్టపెట్టె మీద ఇంగ్లీషులో రెండే ముక్కలున్నాయి. 'ఆ ఇంటి అమ్మాయి, పవళింపు పాట' అని.

"ఆ ఇంటి అమ్మాయిలం ఇద్దరం. మా అక్క సత్యవతి, నేను. అదే పాట ఇద్దరం పాడాం. ఇందులో ఉన్నాది ఎవరో తెలీదు."

"మీకెవరిది కావాలి?" అన్నాను, మాటవరసకి.

"అక్కది." తడుముకోకుండా అంది. "దానికి ముప్పై ఒకటో ఏట కామెర్లు వచ్చి పోయింది. ఒక్క ఫొటో ఉన్నాది. ఫొటో మాటాడదు కదా."

విశాఖపట్నంలో ఎవరో ఇలాంటివి ఫోన్లోకి ఎక్కించి ఇస్తారని చెబితే, స్పూలు పంపడానికి ఆవిడ ఒప్పుకోలేదట. ఉన్నది ఒక్కటే, దారిలో పోతే ఎవరిని అడగాలి అంది. అదీ నిజమే.

గుడ్డసంచిలోంచి చిన్న నల్లడబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పక్కింటివాళ్లు ఆన్‌లైన్లో తెప్పించి ఇచ్చిన కన్వర్టరు. అమెరికా సామానుకి నూట పది చిల్లర వోల్టులు చాలు, మన గోడలో రెండు వందల ముప్పై వస్తుంది. మధ్యలో దాన్ని తగ్గించేది ఏదో ఒకటి ఉండాలి.

"ఇది పెట్టి స్విచ్చి వేశారా?"

"లేదు నాయుడూ. బయమేసింది."

"ఆ భయమే మిమ్మల్ని కాపాడింది" అన్నాను.

అది ఆటో ట్రాన్స్‌ఫార్మరు. అంటే లోపల ఒకటే చుట్ట ఉంటుంది, దాని మధ్యలోంచి ఒక కొస బయటికి తీసి తక్కువ వోల్టులు ఇస్తారు. చవకగా అయిపోతుంది. కానీ గోడలో కరెంటు తీగా, మన పెట్టెలో తీగా ఒకటే అవుతాయి. ఇంటి వైరింగులో ఫేజూ న్యూట్రలూ తారుమారైతే, నూట పదే కదా అని మనం ముట్టుకున్న ఇనుము మీద రెండు వందల ముప్పై కూర్చుని ఉంటుంది. నేను వాడేది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. దానిలో రెండు చుట్టలు విడివిడిగా ఉంటాయి. ఒకదాని తీగ ఇంకోదానికి తగలదు, మధ్యలో ఉన్న ఇనపరేకుల ద్వారానే బలం అటునించి ఇటు వస్తుంది. ఖర్చు ఎక్కువ, బరువు ఎక్కువ, ప్రాణానికి మంచిది.

మర్నాడు వైరింగు చూద్దామని వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల అద్దె వాటా, వెనక చిన్న దొడ్డి. గోడకి వీణ ఆనించి ఉంది. టెస్టరు పెడితే, అనుకున్నంతా అయింది. కుడివైపు రావాల్సిన ఫేజు ఎడమవైపు వస్తోంది. మూడో చిల్లులో ఎర్తు తీగే లేదు, ఉత్త అలంకారం. ఆ నల్లడబ్బా తగిలించి మీటరుతో కొలిచి చూపించాను. ఒక కొసకీ నేలకీ మధ్య ముల్లు రెండు వందల ముప్పై దగ్గర నిలబడింది.

"చూశారా? ఇది మీ పెట్టె ఒంటికి తగిలితే అంతే సంగతులు. కాళ్లకి చెప్పులు, పొడి చేతులు ఉండాలి, తెలిసిందా?"

ఆవిడ నెమ్మదిగా అంది. "ఈ పాట నేను మడితో వింటాను నాయుడూ. స్నానం చేసి తడిబట్ట కట్టుకునే ఆ పెట్టె ముట్టుకుంటాను. అది స్వామి పాట."

"తడిబట్టతో కరెంటు పెట్టె ముట్టుకుంటారా? కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే" అని అరిచాను. ముప్పై ఏళ్లలో షాకు కొట్టి పోయినవాళ్ల ఇళ్లకి రెండుసార్లు వెళ్లినవాణ్ణి, ఆ అరుపు నా చేతిలో ఉండదు.

ఆవిడ నొచ్చుకోలేదు. "నా పద్దతి నాది. కరెంటు పద్దతి నువ్వు సూసుకో" అంది.

ఒళ్లు తడిగా ఉన్న మనిషి ముట్టుకున్నా ఏమీ కాకూడదు, అదీ నా పని అనుకున్నాను. నిజానికి అంతకన్నా మంచి కొలత ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ ట్రాన్స్‌ఫార్మరు నేను చుట్టినవాటిలో మంచిది. పెట్టె తినేది తొంభై వాట్లయితే, రెండు వందలకి సరిపడేలా చుట్టాను, వేడెక్కకుండా. రెండు చుట్టల మధ్య కరెంటుని దాటనివ్వని లెదరాయిడ్ కాగితం మూడు వరసలు, పైన రాగిరేకు ఒకటి, దానికి ఎర్తు. వార్నిష్‌లో ముంచి రెండు రోజులు ఎండలో ఆరబెట్టాను. బయటికి వచ్చే కొసకి ఒక ఆంపియరు ఫ్యూజు. పాత రేడియో సామాన్లలోంచి చదును రేకుల సాకెట్టు వెతికి బిగించాను, పొరపాటున మిక్సీ ప్లగ్గు అందులో దూరకూడదని. పెట్టె లోపల ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాను, బిరుసెక్కిన రబ్బరు చక్రం మార్చాను. వాళ్లింట్లో ఫేజు, న్యూట్రలు సరిచేశాను. దొడ్లో గొయ్యి తీసి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వరసలు వేసి ఎర్తు పెట్టాను. ఎండాకాలం వారానికో బిందె నీళ్లు పొయ్యమని చెప్పాను. మీటరు పెడితే నూట పది, దారం పట్టుకు గీసినట్టు వచ్చింది. పెట్టె ఒంటి మీద సున్నా.

మొదటిసారి పెట్టిన రోజు నేను గుమ్మం బయటే ఉండిపోయాను, ఆవిడ మడిలో ఉంది కాబట్టి. నేను చెబుతుంటే ఆవిడే టేపు ఎక్కించి స్విచ్చి వేసింది. ముందు తంబూరా వినిపించింది, తర్వాత గొంతు. బరువైన ఆడగొంతు. తొందర లేదు. ఒక్కో మాటా పళ్లెంలో పెట్టి అందించినట్టు పాడుతోంది.

పంతులమ్మగారు తొడ మీద తాళం వేస్తూ కాసేపు విని, లేచి, హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కింది.

"మూడు శృతి" అంది. హార్మోనియం మెట్లకి అంకెలుంటాయి, పాడేవాళ్ల గొంతు ఏ మెట్టు మీద నిలుస్తుందో అది వాళ్ల శృతి అని నాకు చెప్పింది. "అక్క మూడు శృతిలో పాడేది. నాది ఐదు. అక్క నిదానం, నాది పరుగు. నాన్నగారు అక్క పాడితే కళ్లు మూసుకుని వినీవోరు. నేను పాడితే, 'నీకు రైలు తప్పిపోతన్నాదేటే' అనీవోరు. ఇది అక్కే నాయుడూ."

తడిచీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత వింటోంది ఆ గొంతుని. నేను గుమ్మం బయట నిలబడి, నా ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి వేసి చూసుకునే వీలు లేదు కదా అని మాత్రం అనుకుంటున్నాను. అప్పుడు నా మనసంతా ఆ పెట్టె మీదే ఉంది.

తర్వాత ఎర్తు చూడ్డానికని వారానికోసారి వెళ్లేవాణ్ణి. ఎర్తు వారానికోసారి చూడాల్సిన వస్తువు కాదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలిసే ఉంటుంది. వసారాలో కూర్చుంటే కాఫీ ఇచ్చేది. లోపల పాట సాగుతుండేది. అక్క గురించి చెప్పేది. జడ వేయడం, మామిడికాయ దొంగతనం, తండ్రి దగ్గర తన వంతు తిట్లు కూడా అక్కే తినడం. చెబుతూ చెబుతూ మాట మారిపోయింది. మొదట్లో "అక్క పాడేది" అన్నావిడ, నెల తిరిగేసరికి "రోజూ అక్క పాడతాది, నేను కూర తరుక్కుంటాను" అంటోంది. నాకు ఆ మాట వింటే హాయిగా ఉండేది. ఎవరింట్లోనైనా ఇద్దరు మనుషులున్నారంటే నాకు హాయిగానే ఉండేది ఆ రోజుల్లో.

జూన్‌లో ఫోను చేసింది. "పెట్టె వేడెక్కతన్నాది నాయుడూ. లక్క కాలిన వాసన వస్తన్నాది."

పెట్టెనీ ట్రాన్స్‌ఫార్మరునీ కొట్టుకి తెచ్చి, కాసేపు నడిపి, పెట్టె వెనక రేకు విప్పాను. నా ట్రాన్స్‌ఫార్మరు చల్లగా ఉంది, పెట్టెలో మోటారు పెనంలా ఉంది. ఎందుకో అర్థం కాలేదు. చివరికి నేమ్‌ప్లేటు మీది జిడ్డుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, మొదటినుంచి చదివాను. నూట పదిహేడు వోల్టులు. తొంభై వాట్లు. ఇంతవరకూ నేను అంతకుముందే చదివాను. దాని కింద జిడ్డులో ఇంకో వరస ఉంది. అరవై సైకిల్స్.

మన కరెంటు సెకనుకి యాభైసార్లు ఇటూ అటూ ఊగుతుంది, అమెరికాది అరవైసార్లు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులు మారుస్తుంది కానీ ఈ ఊపుని మార్చలేదు. ఇలాంటి మోటారు ఆ ఊపుని బట్టే తిరుగుతుంది. అరవైకి చేసిన మోటారు యాభై మీద నడిస్తే రెండు జరుగుతాయి. వేడెక్కుతుంది. నెమ్మదిగా తిరుగుతుంది.

ప్లేటు పూర్తిగా చదవకుండా స్విచ్చి వేశారని ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్లని తిట్టాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. నిజమో కాదో తేల్చుకుందామని, ఒక ఖాళీ టేపు మీద సుద్దతో గుర్తులు పెట్టి గడియారం పట్టుకు కూర్చున్నాను. ఆ టేపు సెకనుకి ఏడున్నర అంగుళాలు నడవాలి, పది సెకన్లకి డెబ్భై అయిదు. అరవై రెండున్నరే నడిచింది.

అంటే ఆవిడ విన్న గొంతు ఉన్నదానికన్నా కిందకి దిగిపోయిన గొంతు. ఉన్నదానికన్నా నిదానమైన పాట. అట్టపెట్టె మీద 'ఆ ఇంటి అమ్మాయి' అనే ఉంది, ఏ అమ్మాయో లేదు. నాకు సంగీతం రాదు. అయినా 'నాది ఐదు, నాది పరుగు' అన్న ఆవిడ మాట గుర్తొచ్చింది.

వేడి సంగతి తేలికే. వోల్టులు తొంభై ఏడుకి తగ్గిస్తే మోటారు చల్లబడుతుంది. బయటి చుట్టలోంచి కొన్ని చుట్లు విప్పేశాను. వేగం సంగతి వేరు. మోటారు ఇరుసు మీద ఒక బుష్షు ఉంటుంది, టేపుని లాగే చక్రాన్ని తిప్పేది అదే. అది పది మిల్లీమీటర్లుంది. పన్నెండు మిల్లీమీటర్ల ఇత్తడి బుష్షు చేయించి వేస్తే, మోటారు నెమ్మదిగా తిరిగినా టేపు సరైన వేగంతో నడుస్తుంది. లేత్ షాపులో చేయించాను కూడా. వెయ్యలేదు. జేబులో వేసుకుని, పెట్టె తీసుకెళ్లి ఇచ్చేశాను.

"వేడి తగ్గిందా?" అంది.

"తగ్గిందమ్మా. ఇంకేం ఫర్వాలేదు."

అబద్ధం కాదు. వేడి తగ్గింది, షాకు కొట్టదు, పెట్టె పదేళ్లు నడుస్తుంది. ఎలక్ట్రీషియన్‌గా నేను చెప్పాల్సింది అంతే. అలా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఆ వారం పది రోజులూ.

ఒక శుక్రవారం ఆవిడే ఫోను చేసింది. గొంతులో సంబరం. "ఆదివారం లలిత వస్తాది. అక్క కూతురు. శ్రీకాకుళంలో ఆఫీసులో గుమస్తా. అక్క పోయినప్పుడు దానికి నాలుగేళ్లు. అమ్మ గొంతు ఎలాగుండీదో దానికి గ్యాపకమే లేదు. ఫోన్లో పట్టుకుని ఎళ్తాదట. పెట్టె ఓసారి సూసి పెట్టు."

ఫోను పెట్టేసి అరగంట కూర్చున్నాను. నా తప్పు ఆ గదిలో ఉన్నంతసేపూ నేను మోయగలిగాను. అది బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లి, తల్లి గొంతు తెలియని మనిషి ఫోన్లో కూర్చుంటుందంటే నావల్ల కాలేదు. కొట్టు మూసి వెళ్లాను.

వసారాలోనే నిలబడి చెప్పాను. ప్లేటు సరిగ్గా చదవలేదని, మిషను నెమ్మదిగా తిరుగుతోందని, సరిచేసే ఇత్తడి ముక్క చేయించి కూడా వెయ్యలేదని, తెలిసి కూడా పది రోజులు చెప్పలేదని. ఆవిడ కోప్పడుతుందని చూశాను. కోప్పడలేదు.

"ఎంత నెమ్మది?"

"ఆరు తిరగాల్సిన చోట ఐదు."

ఆవిడ చూపు గోడకి ఆనించిన వీణ మీదకి వెళ్లింది. కుడిచేతి వేలు గాల్లోనే తీగ మీద జరిపినట్టు జరిపింది. "తీగ ఆరు పాళ్లుంటే ఐదు చేస్తే సాధారణ గాంధారం పలుకుతాది" అంది, పాఠం అప్పజెబుతున్నట్టు. "మూడు శృతికి సాధారణ గాంధారం అంటే ఐదు శృతి."

నాకు సగమే అర్థమైంది. కానీ ఆవిడకి పూర్తిగా అర్థమైపోయిందని తెలిసింది. నేను పెట్టి వినిపించక్కర్లేకుండానే తెలిసిపోయింది.

"అయితే అది నేను" అంది.

నాకు ఆవిడ ఎదురుగా నిలబడ్డానికి సిగ్గేసింది. ఒక మనిషి ఇంట్లోంచి ఇంకో మనిషిని చేయి పట్టుకు బయటికి లాగేశాను. ఆ అక్క రెండోసారి పోయింది, ఈసారి నా మూలంగా.

"ఆ ముక్క తెచ్చావా?"

జేబులోంచి తీసి చూపించాను.

"బిగించు."

"మీరు మడిలో..."

"ఫర్వాలేదు, రా లోపలికి."

బుష్షు బిగించి స్విచ్చి వేశాను. అదే తంబూరా, పైమెట్టులో. అదే పాట. కానీ పాడుతున్నది వేరే పిల్ల. గొంతు సన్నం, సూదిలా ఉంది. పరుగు నిజమే, కానీ తడబాటు లేదు. మెట్లు రెండేసి ఎక్కే పిల్ల ఎక్కడా కాలు జారనట్టు, ప్రతి మలుపులోనూ సరిగ్గా వెళ్లి నిలబడుతోంది. చివర్లో ఒక చోట గొంతు పైకి వెళ్లి, అక్కడే ఆగి, ఊపిరి తీసుకోకుండా కిందకి దిగింది. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. నా భార్య పోయాక నాకు అలా అవడం అదే మొదలు.

పాట అయిపోయింది. టేపు కొస నిండిన చక్రం మీద టపటప కొట్టుకుంటోంది. ఆవిడ ఆపలేదు. నావైపు తిరిగింది.

"ఎలాగుంది నాయుడూ?"

"ఇప్పుడు స్పీడు పక్కాగా ఉందండి. పది సెకన్లకి డెబ్భై అయిదు అంగుళాలు" అన్నాను.

ఆవిడ ఇంకో క్షణం నన్నే చూసింది. తర్వాత లేచి స్విచ్చి ఆపింది.

"సరే. ఆ ముక్క తీసెయ్యి."

"తీసేస్తే మళ్లీ తప్పుగా పలుకుతుంది కదమ్మా."

"పలకనీ. లలితకి అబద్దం సెప్పను. సెప్పే వినిపిస్తాను."

"మీ గొంతు మీకక్కర్లేదా?"

"నాతో నేను రోజూ ఉంటన్నాను కదా నాయుడూ" అంది. "అది చాల్లే."

బుష్షు తీసేసి పాతదే బిగించాను. వోల్టులు తొంభై ఏడు దగ్గరే ఉంచాను.

ఆదివారం ఆవిడ రమ్మంటే వెళ్లాను, పెట్టె మధ్యలో మొరాయిస్తే చూడ్డానికి. లలిత నలభై దాటిన మనిషి, చేతిలో స్వీట్ల పొట్లం. పంతులమ్మగారు ముందే చెప్పేసింది. "ఒసే, ఇది మీ అమ్మ కాదు. నేను. మిషను నెమ్మదిగా తిరిగి అలా పలుకుతాది." ఆమె మొహం వాడిపోయింది. పెట్టమంది. మొత్తం వింది. విని, "మా అమ్మ ఇలాగే పాడీదా పిన్నీ?" అని అడిగింది.

"ఇదే శృతి. ఇంతే నిదానం. నేను కళ్లు మూసుకుంటే అక్కే."

లలిత కళ్లు మూసుకుని రెండోసారి వింది, మూడోసారి ఫోన్లో పట్టుకుంది. నాలుగున్నర బస్సుకి వెళ్లాలంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "ఈసారి వచ్చినప్పుడు నీది కూడా వింటాను పిన్నీ" అంది. మంచి పిల్లే, మనస్ఫూర్తిగానే అంది. తర్వాత చాలాసార్లు వచ్చింది, ఆ మాట ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఈ కేసు నుంచి నేను చెప్పేవి ఉన్నాయి. విదేశీ సామానుకి వోల్టులొక్కటే చూడొద్దు, ఊపు కూడా చూడండి. ప్లేటు ఆఖరి వరస దాకా తుడిచి చదవండి. ఒక్క చుట్ట డబ్బాలు తడిచేతుల మనుషులకి ఇవ్వొద్దు. తప్పు చేస్తే ఆ రోజే చెప్పండి, పది రోజులు జేబులో పెట్టుకోవద్దు. ఇవన్నీ నేను కొట్టు గోడ మీద రాసి పెట్టుకోగలిగినవి.

రాసి పెట్టుకోలేనిది ఒకటుంది. ఆ ఇంట్లో తండ్రి ఆవిడ పాటకి ఒక్కసారీ కళ్లు మూసుకోలేదు. ఆ టేపులో గొంతు ఉన్నదున్నట్టు విన్నది ఇప్పుడు ఈ ఊళ్లో ఇద్దరమే, ఆవిడా నేనూ, అదీ ఒక్కసారి. ఎలాగుందని ఆవిడ నన్ను అడిగింది స్పీడు గురించి కాదని నాకు ఇంటికి వెళ్లి చెప్పులు విప్పుతుండగా తట్టింది. ఇప్పటికీ ఎర్తు చూడ్డానికి వెళ్తూనే ఉన్నాను. లోపల ఆ నిదానపు పాట నడుస్తూ ఉంటుంది, నేను వసారాలో కాఫీ తాగుతుంటాను. ఇప్పుడు అందామంటే, అక్కది అయిపోయిన ఆ పాటలో ఆవిణ్ణి ఏమని మెచ్చుకోవాలో తెలియదు. చాలా బాగా పాడారు పంతులమ్మగారూ అని ఆ రోజే అనాల్సింది.